160, 80 మీటర్లలో సాయంత్రం అయ్యేసరికి ఎస్9 నాయిస్: ముందు దేని మీద పడాలి?

టాప్‌బ్యాండ్ తపన:

అందరికీ నమస్కారం. కొంతకాలంగా 160, 80 మీటర్ల (1.8, 3.5 మెగాహెర్ట్జ్) హామ్ రేడియో బ్యాండ్ల మీదే కూర్చుంటున్నాను, కానీ వినపడాల్సిన స్టేషన్ల కంటే నాయిసే ఎక్కువ వినపడుతోంది. అదే రిగ్ (ట్రాన్స్‌సీవర్), అదే పవర్ సప్లై, 20 మీటర్లలో (14 మెగాహెర్ట్జ్) సిగ్నల్ బలం చూపించే ఎస్ మీటర్ ఎస్2, ఎస్3 దాటదు. 80కి వచ్చేసరికి ఎస్7, 160లో చీకటి పడ్డాక ఎస్9కి అటూ ఇటూ. సీడబ్ల్యూ (మోర్స్) బలంగా ఉంటే తప్ప ఏదీ పైకి తేలడం లేదు. 160కి ఇన్వర్టెడ్ ఎల్ (నిలువుగా లేచి అడ్డంగా తిరిగే తీగ యాంటెన్నా), 80కి డైపోల్ (రెండు కాళ్ల తీగ యాంటెన్నా), రెండూ కోయాక్స్ (బయట లోహపు అల్లిక ఉన్న కేబుల్)తోనే లోపలికి వస్తాయి.

కాస్త ఓపిగ్గా విన్నాక అంతా ఒకటే రకం కాదనిపించింది. వాటర్‌ఫాల్‌లో (బ్యాండ్ మొత్తాన్ని బొమ్మగా చూపించే తెర) దాదాపు 65 కిలోహెర్ట్జ్‌కి ఒకటి చొప్పున వెడల్పాటి గుట్టలు కనిపిస్తాయి, అవి ఒకచోట నిలవవు, మెల్లగా పక్కకి జరుగుతూ ఉంటాయి, వాటి మీదకి ట్యూన్ చేస్తే మొరటుగా బుర్ర్‌మనే శబ్దం. ఇంకోటి బ్యాండ్ మొత్తం పరుచుకునే గరగర. ఎండ బాగా కాసి గాలి వీచే రోజుల్లో ఎక్కువ, విచిత్రం ఏమిటంటే వాన పడగానే స్విచ్ ఆపినట్టు ఆగిపోతుంది. మూడోది 1836 కిలోహెర్ట్జ్ దగ్గర మాటలు, సంగీతం కలగాపులగంగా వినపడటం. అక్కడ బ్రాడ్‌కాస్ట్ ఏదీ ఉండకూడదు కదా.

రిగ్‌లోని నాయిస్ బ్లాంకర్ (పల్సుల్ని కోసేసేది) వేస్తే గరగర కొంచెం తగ్గుతుంది, మిగతా రెండింటికి ఏమీ కాదు. ఒకరు లూప్ యాంటెన్నా కొనమంటున్నారు, ఇంకొకరు నాయిస్ క్యాన్సిలర్ (అదే నాయిస్‌ని ఎదురు ఫేజ్‌లో కలిపి కొట్టేసే పెట్టె) అంటున్నారు, మరొకరు ఫెరైట్ క్లిప్పులు వేస్తే చాలంటున్నారు. డబ్బు పెట్టే ముందు అసలు వరస ఏమిటో తెలుసుకుందామని అడుగుతున్నాను.

పాత వాల్వు:

మీరు విని, విడదీసి రాశారు చూడండి, సగం పని అక్కడే అయిపోయింది. ఇవి మూడు వేరువేరు జబ్బులు, మూడింటికీ మందు వేరు. మీకు వస్తున్న సలహాలన్నీ ఎవరి ఇంట్లో ఏది పనిచేసిందో అది చెప్పినవి, అందుకే ఒకదానికొకటి పొసగడం లేదు.

ముందు ఒక లెక్క చూడండి, అనవసరమైన టెన్షన్ తగ్గుతుంది. మనుషులు పుట్టించే నాయిస్ ఫ్రీక్వెన్సీ తగ్గేకొద్దీ పెరుగుతుంది. అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ-ఆర్ పి.372 సిఫార్సులో నివాస ప్రాంతాలకి ఇచ్చిన ఫార్ములాలో అంకెలు వేస్తే 1.8 మెగాహెర్ట్జ్‌లో అది థర్మల్ నాయిస్ కంటే సుమారు 65 డీబీ పైన ఉంటుంది, 3.5లో 57 డీబీ, 14లో 41 డీబీ. ఎస్ఎస్‌బీ (మాటల మోడ్) వెడల్పులో 1.8 మెగాహెర్ట్జ్ అంకెని ఎస్ మీటర్ భాషలోకి మారిస్తే ఎస్9కి కాస్త కింద. అంటే ఇళ్ల మధ్య పెట్టిన మంచి యాంటెన్నాకి 160లో అంత నాయిస్ ఉండటం మామూలే, 20లో అదే యాంటెన్నా నిశ్శబ్దంగా ఉండటమూ మామూలే. దీని మీద రాత్రి పూట వందల, వేల కిలోమీటర్ల అవతలి పిడుగుల స్టాటిక్ వచ్చి కలుస్తుంది. పగలు అయనోస్ఫియర్‌లోని డి పొర దాన్ని మింగేస్తుంది కాబట్టి వినపడదు. పిడుగుల చప్పుడుకి ఇంట్లో చేయగలిగిందేమీ లేదు, ఏజీసీ (గెయిన్‌ని తనంతట సర్దేది) వేగం పెంచి, ఆర్ఎఫ్ గెయిన్ తగ్గించి చెవిని కాపాడుకోవడమే. కాబట్టి మీటర్‌ని ఎస్1కి దించాలనే ఆశ పెట్టుకోకండి. 10, 15 డీబీ దింపగలిగితే ఇప్పుడు మునిగిపోతున్న స్టేషన్లలో చాలా భాగం పైకి వస్తాయి.

ఇక 65 కిలోహెర్ట్జ్ గుట్టలు. అది స్విచ్‌మోడ్ పవర్ సప్లై (కరెంటుని వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ వోల్టేజి మార్చేది), నాకు సందేహం లేదు. ఛార్జర్లలో, అడాప్టర్లలో 65 కిలోహెర్ట్జ్ చాలా మామూలుగా వాడే స్విచింగ్ ఫ్రీక్వెన్సీ. దాని 28వ హార్మోనిక్ (28 రెట్ల ఫ్రీక్వెన్సీ) 1820 దగ్గర పడుతుంది, 29వది 1885, 54వది 3510. గుట్టలు పక్కకి జరగడానికి కారణం కూడా ఇందులోనే ఉంది: అడాప్టర్ వేడెక్కి అసలు ఫ్రీక్వెన్సీ 100 హెర్ట్జ్ మారితే చాలు, 28వ హార్మోనిక్ 2.8 కిలోహెర్ట్జ్ పక్కకి పోతుంది. లోడ్ మారినా అంతే. బుర్ర్ శబ్దం మెయిన్స్ రిపుల్, 50 హెర్ట్జ్ సరఫరా అయితే 100, 60 అయితే 120.

దీన్ని పట్టుకోవడానికి రిగ్‌ని 12 వోల్టుల బ్యాటరీ మీద నడపండి, వాటర్‌ఫాల్ లేదా ఎస్ మీటర్ చూస్తూ ఇంటి మెయిన్ స్విచ్ ఆపేయండి. నాయిస్ పోతే దొంగ ఇంట్లోనే ఉన్నాడు, అప్పుడు ఒక్కో బ్రేకర్ వేసుకుంటూ వెళ్తే ఏ సర్క్యూటో తెలుస్తుంది, ఆ సర్క్యూట్‌లో ఒక్కో ప్లగ్ తీస్తే ఏ వస్తువో తెలుస్తుంది. చాలామంది ఇక్కడ ఒకటి మర్చిపోతారు. ఇన్వర్టర్ గానీ యూపీఎస్ గానీ ఉంటే దాన్ని కూడా పూర్తిగా ఆపాలి, లేకపోతే మెయిన్ తీయగానే అది బ్యాటరీ మీదకి మారి ఇంకా పెద్ద గోల మొదలుపెడుతుంది, మీరేమో నాయిస్ బయటి నుంచి వస్తోందనుకుంటారు. లాప్‌టాప్ ఛార్జర్ కూడా తీసేయండి. సోలార్ ప్యానెళ్లు ఉన్నాయా? వాటి నాయిస్ అయితే పొద్దు గుంకాక తగ్గాలి. మీది చీకటి పడ్డాక పెరుగుతోంది కాబట్టి ముందు లైట్లు, టీవీ, ఛార్జర్లు చూడండి.

చోక్ చుట్టేవాణ్ణి:

పాత వాల్వు గారి మాటకి నాదొకటి కలుపుతాను. వస్తువు దొరికాక దాన్ని మార్చలేని పరిస్థితి ఉంటుంది, అప్పుడు అందరూ ఫెరైట్ క్లిప్ కొని వైరు మీద ఒకటి తగిలించి తేడా లేదంటారు. 20, 10 మీటర్లలో ఆ క్లిప్ ఏదో కాస్త చేస్తుంది. 1.8 మెగాహెర్ట్జ్‌లో మిక్స్ 31 (ఫెరైట్ మిశ్రమంలో ఒక రకం) లాంటి మంచి ఫెరైట్ అయినా ఒక్కసారి వైరు దూర్చితే వచ్చేది కొన్ని పదుల ఓములే. మనకి కావలసింది కొన్ని వేల ఓములు. ఇంపెడెన్స్ చుట్ల సంఖ్య వర్గంతో పెరుగుతుంది కాబట్టి 2.4 అంగుళాల మిక్స్ 31 రింగులో అదే వైరు 12 చుట్లు చుడితే 144 రెట్లు. ఇంకా చుట్టేస్తే ఇంకా పెరుగుతుందని కాదు, చుట్ల మధ్య కెపాసిటెన్స్ వల్ల ఒక దగ్గర రెజొనెన్స్ వచ్చి ఆ పైన పడిపోతుంది, కానీ 160, 80కి 12 నుంచి 16 చుట్లు హాయిగా పనిచేస్తాయి. మిక్స్ 43 వీహెచ్ఎఫ్ వైపు బాగుంటుంది, లో బ్యాండ్లకి 31 తీసుకోండి. రింగు మీద పేరు రాసి ఉండదు, ఏ మిక్స్ అని అడిగి తీసుకోండి.

ఇలా చుట్టిన చోక్ ఎక్కడ పెట్టాలి అన్నది అసలు విషయం. అడాప్టర్ దగ్గర దాని మెయిన్స్ వైరుకి, డీసీ వైరుకి రెండిటికీ వేయాలి, వస్తువుకి వీలైనంత దగ్గరగా. తర్వాత మీ యాంటెన్నాల కోయాక్స్‌కి. దీన్ని ఎవరూ పట్టించుకోరు, నేనైతే దీనికే మొదటి స్థానం ఇస్తాను. ఇంటి వైరింగ్‌లో తిరిగే నాయిస్ రిగ్ ఎర్త్ ద్వారా కోయాక్స్ బయటి అల్లిక మీదకి ఎక్కి, ఆ అల్లిక మీదుగా యాంటెన్నా ఫీడ్ పాయింట్ (కోయాక్స్ యాంటెన్నాకి కలిసే చోటు) దాకా వెళ్లి, అక్కడ లోపలికి దూరి, సిగ్నల్‌తో పాటు దర్జాగా రిసీవర్‌కి తిరిగి వస్తుంది. డైపోల్ ఎంత దూరంలో కట్టినా ఇల్లంతా దానికి ఒక కాలు అయిపోతుంది. మీ ఇన్వర్టెడ్ ఎల్‌కి ఫీడ్ పాయింట్ దగ్గర చోక్ లేకపోతే కోయాక్స్ అల్లిక దానికి ఇంకో రేడియల్ (కింద నేల మీద పరిచే తీగ) లాంటిదే.

పరీక్ష కూడా తేలిక. కోయాక్స్‌ని యాంటెన్నా చివర విప్పేసి అక్కడ 50 ఓముల డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు రెసిస్టర్) పెట్టండి, రిగ్ చివర అలాగే ఉంచి వినండి. నిశ్శబ్దంగా ఉండాలి. లోడ్ పెట్టినా గుట్టలు వినపడుతున్నాయంటే అవి యాంటెన్నా నుంచి రావడం లేదు, కోయాక్సే తెస్తోంది, అప్పుడు కనెక్టర్లు, షీల్డ్ కూడా చూడాలి.

లాంగ్‌వైర్:

1836 అనగానే నాకు అనుమానం వచ్చింది. మీడియం వేవ్ స్టేషన్లు 9 కిలోహెర్ట్జ్ దూరంలో ఉండే చోట వాటి ఫ్రీక్వెన్సీలన్నీ 9 గుణిజాలు. అలాంటి రెండు కలిపితే వచ్చేది కూడా 9 గుణిజమే. 1836ని 9తో భాగించండి, 204. అంటే 720, 1116 కలిసినా, 918 రెట్టింపైనా సరిగ్గా అక్కడే పడుతుంది. 10 కిలోహెర్ట్జ్ దూరం పాటించే దేశాల్లో ఇదే జబ్బు 1830, 1840 లాంటి చోట్ల కనిపిస్తుంది. బలమైన మీడియం వేవ్ స్టేషన్లు రెండు మీ పెద్ద యాంటెన్నా మీదుగా రిసీవర్ మొదటి దశలోకి వచ్చి కలుస్తున్నాయన్నమాట, ఇంటర్‌మాడ్యులేషన్.

నిజంగా అదేనా అని తేల్చుకోవడానికి రిగ్‌లోని అటెన్యుయేటర్ (సిగ్నల్‌ని తగ్గించేది) చాలు. 12 డీబీ వేయండి. గాల్లో నిజంగా ఉన్న సిగ్నల్ అయితే 12 డీబీ తగ్గుతుంది, అంటే సుమారు రెండు ఎస్ యూనిట్లు. రిసీవర్ లోపల పుట్టే రెండో ఆర్డర్ (పైన చెప్పిన కూడిక, రెట్టింపు లాంటి) సరుకు అయితే 24 డీబీ పడిపోతుంది, మూడో ఆర్డర్ అయితే 36. ఎస్ మీటర్లు కింది భాగంలో సరిగ్గా చూపించవు, అయినా ఇంత తేడా చెవికే తెలిసిపోతుంది. ప్రీయాంప్ (సిగ్నల్‌ని పెంచేది) వేసి ఉంటే ముందు తీసేయండి. 160, 80లో ప్రీయాంప్‌తో పని లేదు, బయటి నాయిసే రిసీవర్ సొంత నాయిస్ కంటే ఎంతో ఎక్కువ. యాంటెన్నా తీగ పీకితే నాయిస్ ఒక్కసారిగా పడిపోతోంది అంటే ఇంకా అటెన్యుయేషన్ వేసుకోవడానికి చోటుందనే అర్థం.

రిసీవర్ లోపలే పుడుతుంటే మీడియం వేవ్‌ని ఆపే హైపాస్ ఫిల్టర్ పెట్టాలి. ఒక జాగ్రత్త. ఇలాంటి రిసీవ్ ఫిల్టర్లు చాలావరకు ట్రాన్స్‌మిట్ పవర్ తట్టుకోవు, రిగ్‌కీ యాంటెన్నాకీ మధ్య పెట్టి కీ నొక్కితే కాలిపోతాయి. రిగ్ వెనక విడిగా రిసీవ్ యాంటెన్నా సాకెట్ ఉంటే ఆ దారిలో పెట్టండి.

12 డీబీ వేస్తే సరిగ్గా 12 డీబీయే తగ్గిందనుకోండి, అప్పుడు ఆ కలయిక మీ రిసీవర్ బయట జరుగుతోంది. తుప్పు పట్టిన బోల్టు, వదులైన తీగ ముడి, ఇనుప కంచె, ఏదైనా డయోడ్‌లా పనిచేసి కలిపేస్తుంది. దానికి ఫిల్టర్ పనిచేయదు, ఆ జాయింటు వెతికి గట్టిగా కలపడమో పూర్తిగా విడదీయడమో చేయాలి.

472 కిలోహెర్ట్జ్:

టాప్‌బ్యాండ్ అన్నకి నేరుగా సంబంధం లేదేమో, కానీ ఇంకా కిందికి దిగాలనుకునే వాళ్ల కోసం చెప్తున్నాను. 630 మీటర్లు (472 నుంచి 479 కిలోహెర్ట్జ్), 2200 మీటర్లు (135.7 నుంచి 137.8) బ్యాండ్లలో ఈ స్విచ్‌మోడ్ సమస్య ఇంకా ముదురుతుంది. 1820లో మీరు వినేది 28వ హార్మోనిక్, అప్పటికే బాగా బలహీనపడింది. 137లో అయితే రెండో హార్మోనిక్, ఒక్కోసారి అసలు ఫ్రీక్వెన్సీయే వచ్చి బ్యాండ్ మీద కూర్చుంటుంది. పైగా 2200లో మనకి అనుమతి ఉన్నది ఒక వాట్ ఈఐఆర్‌పీ (యాంటెన్నా నుంచి బయటికి వెళ్లే పవర్ లెక్క) మాత్రమే, 630లోనూ మామూలుగా అంతే, కాబట్టి అవతలి వాళ్లు పవర్ పెంచి మనల్ని ఆదుకోలేరు. వినడమే సాధన. డబ్ల్యూఎస్‌పీఆర్ లాంటి డిజిటల్ మోడ్‌లు రెండు నిమిషాలు వింటూ నాయిస్ కింద ఉన్నది కూడా పట్టేస్తాయి కానీ, సరిగ్గా దాని మీదే హార్మోనిక్ నిలబడితే అవి కూడా ఏమీ చేయలేవు.

టాప్‌బ్యాండ్ తపన:

అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. చెప్పినవి చేసి చూశాను.

బ్యాటరీ మీద పెట్టి మెయిన్, యూపీఎస్ రెండూ ఆపగానే గుట్టలు మాయం. బ్రేకర్లు ఒక్కొక్కటి వేసుకుంటూ వెళ్తే రౌటర్ ఉన్న సర్క్యూట్‌లో తిరిగి వచ్చాయి. రౌటర్ అడాప్టర్ ప్లగ్ తీస్తే పోతున్నాయి, పెడితే మొదట ఒకచోట మొదలై వేడెక్కేకొద్దీ జరుగుతున్నాయి, కళ్ల ముందే కనిపించింది. వేరే అడాప్టర్ పెట్టాను, 160లో ఆ గుట్టల మధ్య నాయిస్ కూడా కొంచెం దిగింది. డమ్మీ లోడ్ పరీక్షలో సన్నగా ఏదో వినపడుతోంది, కనెక్టర్ ఒకటి మార్చాలి, చోక్‌లు చుట్టే పనిలో ఉన్నాను.

1836 విషయంలో లాంగ్‌వైర్ గారు చెప్పినట్టే, 12 డీబీ వేయగానే మాటలు పూర్తిగా పోయాయి, పక్కన ఉన్న సీడబ్ల్యూ మాత్రం చక్కగా వినపడుతోంది. ఫిల్టర్ వచ్చేదాకా అటెన్యుయేటర్‌తోనే వింటాను.

మిగిలింది గరగర. మెయిన్ ఆపినా అలాగే ఉంది, కాబట్టి బయటిదే. వాన పడితే ఆగుతుంది అన్నది అలాగే కొనసాగుతోంది. కరెంటు తీగల నుంచే అనుకుంటున్నాను, కానీ ఏ స్తంభం అని ఎలా చెప్పడం? పోర్టబుల్ ఏఎమ్ రేడియో పట్టుకుని వీధిలో నడిస్తే ప్రతి స్తంభం దగ్గరా గట్టిగానే వినపడుతోంది.

లైన్ చూసేవాణ్ణి:

వాన పడితే ఆగడం అన్నదే మీకు ఆనవాలు. లైన్ మీద వదులైన లోహపు భాగాల మధ్య చిన్న సందు ఉంటుంది, బైండింగ్ తీగకీ ఇన్సులేటర్‌కీ మధ్య గానీ, వదులైన నట్టు దగ్గర గానీ. ఎండకి చెక్క ఎండి, సామాను సడలి, ఆ సందులో స్పార్క్ కొడుతుంది, గాలికి ఊగితే ఇంకా ఎక్కువ. తడిస్తే ఆ సందుని నీళ్లు కలిపేస్తాయి, స్పార్క్ ఆగిపోతుంది. దీనికి వ్యతిరేకంగా వానలో, మంచులో పెరిగేది ఉంటే అది మురికి పట్టిన ఇన్సులేటర్ మీద లీకేజీ లేదా కరోనా (తీగ చుట్టూ గాల్లోకి కారే డిశ్చార్జి), అది వేరే కథ. మీది స్పార్కే. నాయిస్ బ్లాంకర్‌కి కాస్త లొంగడం కూడా అందుకే, అవి విడివిడి పల్సులు.

ఏఎమ్ రేడియోతో దొరకకపోవడంలో మీ తప్పేమీ లేదు. తక్కువ ఫ్రీక్వెన్సీలో ఈ నాయిస్ తీగల వెంట చాలా దూరం ప్రయాణిస్తుంది, దారి పొడవునా గట్టి చోట్లు, మెత్తటి చోట్లు వస్తుంటాయి, అత్యంత గట్టిగా వినిపించిన స్తంభం అసలు స్తంభం కాకపోవచ్చు. ఏఎమ్ రేడియోని మొదట ఏ వైపు నుంచి అన్నది చూడటానికే వాడండి. లోపలి ఫెరైట్ రాడ్ కొస వైపు నుంచి వచ్చే శబ్దం తగ్గిపోతుంది, కాబట్టి గట్టిగా వినిపించే దిశ కన్నా ఆగిపోయే దిశని పట్టుకోవడం తేలిక. ఆ వైపు వెళ్లేకొద్దీ ఫ్రీక్వెన్సీ పెంచుతూ పోవాలి. విమానాల బ్యాండ్ ఏఎమ్‌లో, అంటే 118 మెగాహెర్ట్జ్ పైన వినే హ్యాండ్‌హెల్డ్ ఉంటే దానికి చిన్న యాగీ (ఒక దిక్కునే బాగా వినే యాంటెన్నా) తగిలించి తిరగండి. దూరంలో ఏమీ వినపడదు, దగ్గరికి వస్తే మొదలవుతుంది. ఇంకా పైకి, 400 మెగాహెర్ట్జ్ దాకా వెళ్లినా వినపడుతోందంటే ఆ స్తంభం మీ ముందే ఉంది.

స్తంభాన్ని కొట్టి చూడటం, స్టే వైరు (స్తంభాన్ని పట్టి ఉంచే తీగ) లాగి చూడటం చేయమని కొందరు చెప్తారు. దయచేసి చేయకండి. వదులైన సామాను ఉందని మనకి తెలిసిన స్తంభం అది, పైనుంచి ఏది జారుతుందో తెలియదు. స్తంభం నంబరు, తేదీ, టైమ్, వాతావరణం ఎలా ఉంది, ఎండలో ఉంది వానలో ఆగింది అన్నది, ఫోన్‌లో రికార్డు చేసిన శబ్దం, ఇవన్నీ పెట్టి విద్యుత్ సంస్థకి రాతపూర్వకంగా ఇవ్వండి. రేడియో నాయిస్ అని మాత్రమే రాస్తే పక్కన పెట్టే అవకాశం ఉంది, ఫలానా స్తంభం మీద స్పార్కింగ్ ఉంది అంటే అది వాళ్లకి కూడా పట్టించుకోవాల్సిన విషయం.

చోక్ చుట్టేవాణ్ణి:

లూప్ గురించి మొదట్లో అడిగారు, దానికి ఎవరూ జవాబివ్వలేదు. లూప్ అయస్కాంత క్షేత్రాన్నే తీసుకుంటుంది కాబట్టి ఇంటి నాయిస్ దానికి పట్టదు అనే మాట బాగా చలామణీలో ఉంది. 1.8 మెగాహెర్ట్జ్‌లో సుమారు 26 మీటర్ల లోపల ఉన్నదంతా నియర్ ఫీల్డే (నాయిస్ మూలానికి దగ్గరి క్షేత్రం), అక్కడ ఇంటి వైరింగ్‌లో పారే కరెంటు అయస్కాంత క్షేత్రాన్నీ ఇస్తుంది, లూప్ దాన్నీ శుభ్రంగా అందుకుంటుంది. లూప్ బలం దాని నల్‌లో (దానికి దాదాపు వినపడని దిక్కు) ఉంది. దాన్ని తిప్పి నల్‌ని ఒకే నాయిస్ మూలం వైపు పెడితే అది అణిగిపోతుంది, పైనుంచి కోణంలో దిగే స్కైవేవ్ (అయనోస్ఫియర్ నుంచి తిరిగొచ్చే సిగ్నల్) మాత్రం అంతగా తగ్గదు. మీ గరగర ఒక దిక్కు నుంచే వస్తోందని తేలితే, అది బాగయ్యేదాకా లూప్ మీకు పనికొస్తుంది. క్యాన్సిలర్ కూడా అంతే, ఒకసారికి ఒక నాయిస్‌నే కొడుతుంది, మూడు ఒకేసారి ఉన్నప్పుడు ఒకదానికి ఫేజ్ సరిచేస్తే ఇంకోటి పెరుగుతుంది. మీరు రెండింటిని ముందే తీసేశారు కాబట్టి ఇప్పుడు అది పనిచేసే పరిస్థితిలో ఉన్నారు.

లాంగ్‌వైర్:

స్థలం ఉంటే బెవరేజ్ (తక్కువ ఎత్తులో లాగే పొడవాటి రిసీవ్ తీగ) వేయమంటాను, నా మనసు ఎప్పుడూ దాని మీదే. 1921 డిసెంబరులో అమెరికా అమెచ్యూర్ పాల్ గాడ్లీ స్కాట్లాండ్‌లోని ఆర్డ్రోసన్‌లో టెంటు వేసుకుని, 200 మీటర్ల పరిసరాల్లో అమెరికా అమెచ్యూర్ స్టేషన్లని అట్లాంటిక్ ఇవతలి నుంచి విన్నది ఆ తీగతోనే. సిగ్నల్‌ని చాలా తక్కువగా ఇస్తుంది, అయినా వెనక, పక్కల నుంచి వచ్చే నాయిస్‌ని అంతకంటే ఎక్కువగా తగ్గిస్తుంది, లో బ్యాండ్లలో మనకి కావలసింది ఆ నిష్పత్తే. వినాలనుకున్న దిక్కుకి 150 మీటర్లో అంతకంటే ఎక్కువో తీగ, రెండు మూడు మీటర్ల ఎత్తున, అవతలి చివర 450 ఓముల పరిసరాల్లో ఒక నాన్ ఇండక్టివ్ రెసిస్టర్, ఇవతలి చివర 9:1 ట్రాన్స్‌ఫార్మర్. అంత స్థలం లేకపోతే ఫ్లాగ్, పెనెంట్ లాంటి టెర్మినేటెడ్ (రెసిస్టర్ పెట్టిన) లూపులు ఉన్నాయి. వాటి అవుట్‌పుట్ ఇంకా తక్కువ, వాటి కోయాక్స్‌కి చోక్ లేకపోతే నాయిస్ మళ్లీ అల్లిక మీదుగానే వచ్చేస్తుంది.

టాప్‌బ్యాండ్ తపన:

బెవరేజ్‌కి స్థలం లేదు సర్, ఫ్లాగ్‌కి మాత్రం సరిపోతుంది. దాన్ని ఇన్వర్టెడ్ ఎల్‌కి ఎంత దూరంలో పెట్టాలి?

లాంగ్‌వైర్:

మీకున్న చోటులో వీలైనంత దూరం, ఇంటికి కూడా. దగ్గరగా ఉంటే ఇన్వర్టెడ్ ఎల్ 160లో రెజొనెంట్ కాబట్టి అది పట్టిన నాయిస్‌ని మళ్లీ రేడియేట్ చేసి ఫ్లాగ్ నల్‌ని పాడు చేస్తుంది. దూరం కుదరకపోతే రిసీవ్‌లో ఉన్నప్పుడు ఇన్వర్టెడ్ ఎల్ ఫీడ్ పాయింట్‌ని రిలేతో విడదీసి డీట్యూన్ చేయండి. ట్రాన్స్‌మిట్‌లోకి వెళ్లేటప్పుడు రెండు పనులు జరగాలి: ఆర్ఎఫ్ బయల్దేరకముందే ఆ రిలే మూసుకోవాలి, ఫ్లాగ్ నుంచి రిగ్‌కి వచ్చే దారి తెగిపోవాలి. ఈ వరస రిలేలకి వదిలేయకుండా సీక్వెన్సర్ (రిలేలని సరైన వరసలో నడిపే పరికరం) పెట్టుకోండి, రిసీవర్ ముందు దశ కాలిపోకుండా ఉంటుంది.